ఫోటోలో బోసి మెడ

బారువ,
4 నవంబరు 2016

సుందరి వదినకి తాతబ్బాయి నమస్కారాలు.

ఈ సంగతి ఫోనులో మాట్లాడుకోవద్దని నువ్వే అన్నావు. మాట్లాడితే నేను ఏడుస్తాననీ, నేను ఏడిస్తే నువ్వు పెట్టేస్తావనీ. నిజమే. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

వచ్చే నెల ఇరవయ్యారుకి అన్నయ్య కనిపించకుండా పోయి పన్నెండేళ్లు నిండుతాయి. హట్ బే జెట్టీ పని చూసుకోడానికి వెళ్లిన మనిషి, ఆ ఆదివారం పొద్దున్న సునామీ వచ్చేసరికి జెట్టీ మీదే ఉన్నాడని అందరూ చెప్పారు. జెట్టీయే లేదు, మనిషి ఎక్కడ మిగులుతాడు? శవం దొరకనివాళ్లకి పన్నెండేళ్లు ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలని పంతులుగారు అంటున్నారు. మీకు కూతురు చాందినీ తప్ప కొడుకు లేడు కాబట్టి ఆ పని తమ్ముడిగా నాది. నువ్వూ చాందినీ వస్తే అమావాస్య నాడు కానిచ్చేద్దాం.

నా కోసం అడగడం లేదు. అమ్మ బాగా తగ్గిపోయింది. రెండు ముద్దలు తిని కంచం తోసేస్తోంది. "పెద్దోడికి నీలు ఒదలకుండా నానెలా పోతాన్రా?" అంటుంది రోజూ. నేను బళ్లో పిల్లలకి ఎక్కాలు చెప్పి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని అదే మాట. నీకు తెలుసు కదా, మీ అత్త కాళమ్మ ఒక మాట పట్టుకుంటే ఉడుం పట్టే.

జీడితోట ఈసారి బాగానే పూసేలా ఉంది. మా అమ్మాయి దీపిక డిగ్రీలో చేరింది. దాని చేతిలో ఫోను తప్ప పుస్తకం కనబడదు.

ఆలోచించి రాయి.
నీ మరిది,
తాతబ్బాయి


డైరీ ఫార్మ్, పోర్ట్ బ్లెయిర్,
20 నవంబరు 2016

తాతబ్బాయికి,

నీ ఉత్తరం చేరింది. పోస్టుమాన్ వానలో తడిపి ఇచ్చాడు. జీడితోట దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి గానీ, అసలు సంగతి మాత్రం చక్కగా మిగిలింది.

నేను రాను. కోపంతో అంటున్న మాట కాదు. మీ అన్నయ్య పోయారని నువ్వంటున్నావు. ఎవరు చూశారు? ఆయనతో ఉన్న మేస్త్రీలిద్దరూ దొరికారు. వాళ్లకి చెయ్యాల్సింది వాళ్లవాళ్లు చేసుకున్నారు. ఈయన దొరకలేదు. హార్బర్‌లో పనిచేసే నూకన్న ఇప్పటికీ అంటాడు, "దీదీ, సముద్రంలో కరెంటు అటు లాగితే సీదా బర్మాయే. అక్కడ జైల్లో వేస్తే పేరు కూడా మార్చేస్తారు" అని. నూకన్న చెప్పేవాటిలో సగం కోతలని నాకూ తెలుసు. మిగతా సగం సంగతేమిటి?

నా మెడలోది నేను తియ్యను, నొసట బొట్టు చెరపను. స్కూల్లో నాతోటి టీచర్లు కొందరు ఎదురుగా అమ్మా అంటారు, వెనక నవ్వుతారు. నవ్వనీ. అత్తయ్యకి నా మీద కోపం ఉంటే ఉండనీ. కొడుకు బతికున్నాడని కోడలు అంటుంటే కోప్పడిన తల్లిని నేను ఎక్కడా చూడలేదు.

ఇంకో సంగతి. నాకంటే ముందు చాందినీ ఫోనులో దీపికకి చెప్పే ఉంటుంది. అది పనిచేసే టూర్ల ఆఫీసువాళ్లు హట్ బే అవతల కొత్తగా పెట్టిన ఒక ఎకో రిసార్టుకి దీన్ని పంపుతున్నారు. అక్కడ ఉండి, సముద్రం అడుగుకి డైవింగు చేసి, ఎలా ఉందో వచ్చి చెప్పాలట. ఇంకొకరిని వెంట తీసుకెళ్లొచ్చట. సరిగ్గా క్రిస్మస్ సెలవుల్లో. ఆ రోజు నన్ను ఒక్కదాన్నీ ఇంట్లో వదలడం ఇష్టం లేక లాక్కెళుతోంది. యాభై రెండేళ్ల తెలుగు టీచర్ని డైవింగుకి. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేను ఊరుకున్నాను. ఒడ్డున కూర్చుంటాను.

అత్తయ్యకి మెత్తగా వండి పెట్టమను.
మీ వదిన,
సుందరి


బారువ,
5 డిసెంబరు 2016

వదినకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి దాచేశాను. మూడోసారి అమ్మ చదవమంది. చదవక తప్పలేదు.

అదే నేను చేసిన తప్పు. సముద్రం అడుగుకి వెళ్లే సంగతి దగ్గరికి రాగానే అమ్మ లేచి కూర్చుంది. "ఏటిరా, సుందరి సముద్రంలో దిగతాదా? పెద్దోడ్ని ఎతకడానికేనా?" అంది. కాదమ్మా, అది సరదాకి వెళ్లేది, టూరిస్టులు వెళతారు అన్నాను. "సరదాకి సముద్రం అడుక్కి ఎవులెల్తారు? నువ్వు నాకాడ దాస్తన్నావు" అంది. ఇంక ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వీధిలో అందరికీ చెప్పేసింది, కోడలు ఓడవాళ్లతో కలిసి పెద్దోడ్ని వెతుకుతోందని. ఇప్పుడు ఎవరు కనబడినా నన్ను అడుగుతున్నారు, ఏమైనా దొరికిందా అని.

నాకు కోపంగానే ఉంది వదినా. రాయకుండా ఉండలేను. ఆ సముద్రం ఒకర్ని మింగింది చాలదని, అదే రోజుకి, అదే చోటికి, హాలిడే అని వెళ్తారా? ఇక్కడ దినం పెట్టడానికి తీరదు గానీ అక్కడ చేపల్ని చూడ్డానికి తీరిందా? చాందినీ చిన్నపిల్ల, తెలియదు. నీకు తెలియదా?

అంత దూరం వెళుతున్నావు కాబట్టి ఒక మాట. ఆ నీళ్లు చూసి నీ మనసు మారితే వెంటనే కబురు పెట్టు. పంతులుగారు అమావాస్య ఇరవై తొమ్మిది అన్నారు. దర్భలు నేను తెప్పించి ఉంచుతున్నాను.

తాతబ్బాయి


రిసార్టు నుంచి, హట్ బే అవతల,
26 డిసెంబరు 2016

తాతబ్బాయికి,

నువ్వు తిట్టిన ఉత్తరం ఓడెక్కే ముందు అందింది. జవాబు ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ ఫోను పలకదు. హట్ బేకి ఎవరు వెళితే వాళ్ల చేతికి ఉత్తరాలు ఇవ్వాలి.

హాలిడే అన్నావు కదా, వర్ణిస్తాను విను. తాటాకు కప్పు, వెదురు గోడలు, దోమతెర, బావినీళ్లు, ఆకాశం కనబడే స్నానాలగది. తొమ్మిదింటికి దీపాలు ఆర్పేస్తారు. మనవాళ్లు ఏ ఇళ్ల నుంచి తప్పించుకోడానికి శ్రీకాకుళం జిల్లా వదిలి అండమాన్ వచ్చారో, సరిగ్గా ఆ ఇంట్లో పడుకోడానికి బెంగుళూరు నుంచి జనం విమానమెక్కి వస్తున్నారు. మనం తెచ్చిన ప్లాస్టిక్కు మనమే తిరిగి మోసుకెళ్లాలి. బయటి సబ్బు వాడకూడదు. అన్నం మాత్రం మన రుచే, వంట చేసేది యర్రమ్మ అని సోంపేట మనిషి.

కొత్త జెట్టీ దిగే వచ్చాం. నువ్వు అడుగుతావని చెబుతున్నాను, చూశాను. మామూలు జెట్టీలాగే ఉంది.

డైవింగు నేర్పేవాడు ప్రదీప్. రంగత్‌లో పుట్టాడు, మన తెలుగువాళ్ల పిల్లాడే. మాట్లాడితే సగం హిందీ, తెలుగు రాస్తే చదవలేడు. వాడికి చాందినీ చెప్పిందేమో, నన్ను కూడా నీళ్లలో దింపాలని ఒకటే పట్టుదల. ఈత రాకపోయినా ఫర్వాలేదట, చెయ్యి వాడే పట్టుకుంటాడట. నేను ఊ అనబోయేలోపు నా మెడ చూశాడు. "ఆంటీ, ఆ చైన్ నికాల్‌కే, తీసేసి రావాలి. గాజులు భీ. బారకూడా చేప ఉంటుంది, చమక్ చూస్తే చిన్న చేప అనుకుని సీదా కరిచేస్తుంది" అన్నాడు. అయితే నేను రాను బాబూ అన్నాను. అక్కడితో సరి. చాందినీ ఒక్కతే వెళ్లింది. నేను గొడుగు కింద కూర్చుని టెన్త్ పేపర్లు దిద్దుకున్నాను.

సాయంత్రం రిసార్టువాళ్లు ఒడ్డున దీపాలు వరసగా పెట్టారు, ఈ రోజు కదా. బెంగుళూరు అమ్మాయి ఒకతి పక్కన నిలబడి, మీవాళ్లెవరైనా పోయారా అని అడిగింది. ఇంకా తెలియదు అన్నాను. ఆ అమ్మాయి నన్ను అదోలా చూసింది.

అత్తయ్యకి నేను వెతకడానికి రాలేదని గట్టిగా చెప్పు. పెద్దావిడని ఆశపెట్టడం పాపం.
సుందరి


బారువ,
31 డిసెంబరు 2016

వదినకి వేల నమస్కారాలు.

ఈ కబురు ఫోనులో చెప్పకూడదని దీపిక నోరు కట్టేశాను. చాందినీకి మెసేజి కూడా పెట్టొద్దన్నాను. నీకు నేనే రాయాలి.

ఇరవై ఎనిమిది పొద్దున్న చాందినీ హట్ బే వెళ్లి పంపిన నీ ఫోటో దీపిక ఫోనుకి వచ్చింది. నల్ల రబ్బరు బట్టల్లో పడవ మీద కూర్చుని ఉన్నావు. ముందు నేను నిన్ను గుర్తుపట్టలేదు వదినా. తరవాత పెద్దది చేసి చూశాను. మెడ బోసిగా ఉంది. నొసట బొట్టు లేదు. చేతులకి గాజులు లేవు.

అమ్మకి చూపించకూడదనుకున్నాను. ఆవిడే ఫోను లాక్కుంది. చాలాసేపు చూసింది. "తీసేసిందిరా. అక్కడే, ఆడు పోయిన నీలకాడే తీసేసింది. మొండి గుంట. ఎవుల్నీ రానివ్వకుండా ఒక్కత్తే తీసుకుంది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పన్నెండేళ్ల తరవాత నువ్వు ఒప్పుకున్నావంటే, అది కూడా అక్కడికే వెళ్లి ఒప్పుకున్నావంటే, నీ మనసు ఎంత నలిగిందో కదా. నిన్ను తిడుతూ ఉత్తరం రాసినందుకు సిగ్గుపడ్డాను.

మర్నాడే అమావాస్య. దర్భలు ఇంట్లోనే ఉన్నాయి. నీ మెడ బోసిగా ఉండి ఇక్కడ కర్మ జరగకపోతే అది అన్నయ్యకే మంచిది కాదని పంతులుగారు అన్నారు. బొమ్మ చేసి, సముద్రపు ఒడ్డుకి మోసుకెళ్లి నిప్పు పెట్టాను. నీళ్లు వదిలాను. వీధి వీధంతా వచ్చింది. ఒక్కరు కూడా నీ గురించి తక్కువ మాట అనలేదు, అందరూ చేతులెత్తి దణ్ణం పెట్టారు.

పెద్దకర్మ తొమ్మిదో తారీఖున. అంతలో ఓడ దొరకదు, నువ్వు శ్రమపడకు. అన్నీ నేను చూసుకుంటాను.

అమ్మ ఆ రాత్రి కంచం ఖాళీ చేసి పడుకుంది.
తాతబ్బాయి


డైరీ ఫార్మ్,
3 జనవరి 2017

తాతబ్బాయికి,

నిన్న ఇల్లు చేరాం. నీకు ఒక మంచి కబురు చెప్పాలి. మంచి అనొచ్చో లేదో తెలియదు, నువ్వు కోరుకున్నదే.

నేను నీళ్లలో దిగాను. ఇరవై ఏడున. చాందినీ పైకొచ్చి నవ్వుతుంటే చూసి, నాకు ఒళ్లు మండింది. పన్నెండేళ్లుగా నేను ఒడ్డునే ఉన్నాను కదా అనిపించింది. ప్రదీప్‌తో మళ్లీ వాదన పెట్టుకున్నాను, ఇది ఆభరణం కాదు, తియ్యకూడనిది అని. వాడు తాపీగా, "ఆంటీ, మాది రూలు, మీది సెంటిమెంటు. చేపకి రెండూ తెలీదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తాడూ గాజులూ తీసి ఇచ్చాను, అద్దాలకి అడ్డమని బొట్టూ తీశాను. వాడు పుస్తెలతాడుని తన టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. చాందినీ అదే పనిగా ఫోటోలు తీసింది.

ముందు గుండెలోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి నేర్పుతారు. గాలి వచ్చే గొట్టం నోట్లో ఉంటుంది. దాన్ని ఒకసారి నోట్లోంచి తీసి, బుడగలు వదిలి, మళ్లీ పెట్టుకోవాలి. పొరపాటున ఊడిపోతే కంగారుపడకుండా ఉండటానికి ఇది నేర్పుతారట. తీశాను. కంగారులో గొట్టం చేతికి దొరకలేదు. ప్రదీప్ పక్కనే ఉన్నాడు, వెంటనే అందించాడు. ఆ కాస్సేపట్లోనే నాకు తెలిసిపోయింది, తాతబ్బాయ్. మీ అన్నయ్య బర్మా వెళ్లలేదు. ఏ జైల్లోనూ లేరు. ఆయనకి గొట్టం అందించేవాళ్లు ఎవరూ లేరు. ఇదేదో కొత్త విషయం కాదు, నాకు మొదటి నుంచీ తెలుసనే అనుకుంటాను. కానీ నా ఊపిరి ఆగినప్పుడు తెలియడం వేరు.

అక్కడే నీళ్లలో కూర్చుని ఏడ్చాను. కళ్లకి పెట్టుకున్న అద్దాల్లోకి నీళ్లు చేరాయి. లీకవుతోందనుకుని ప్రదీప్ పట్టీ బిగించాడు. తరవాత ఇంకొంచెం లోతుకి తీసుకెళ్లాడు. చేపలు ఉన్నాయి, బాగున్నాయి. మన గొడవ వాటికి పట్టలేదు.

పైకొచ్చాక డబ్బాలోంచి తాడు తీసి మళ్లీ వేసుకున్నాను. బొట్టు పెట్టుకున్నాను. తీస్తే పడవలో, చేప కోసం కాదు. అత్తయ్య ముందు, పద్ధతిగా తీస్తాను. ఇరవయ్యో తారీఖు విశాఖ ఓడకి టిక్కెట్లు తీసుకున్నాం. తరవాతి అమావాస్య ఇరవై ఏడున వస్తుంది, క్యాలెండర్లో చూశాను. నిప్పు నువ్వు పెట్టు. నీళ్లు మాత్రం నా చేత్తో కూడా వదలనివ్వమని పంతులుగారితో చెప్పు, ఆయన శాస్త్రం ఎలా ఉన్నా సరే. నేను వచ్చేదాకా ఏదీ మొదలుపెట్టకు. ఇన్నాళ్లూ మీ అందర్నీ ఆపినదాన్ని, ఇప్పుడు నేనే దగ్గరుండి పంపుకోవాలి.

అత్తయ్యకి ఇక్కడి ఎండు కొబ్బరి తెస్తున్నాను.
సుందరి


బారువ,
11 జనవరి 2017

వదినా,

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి వచ్చాయి. మొన్ననే పెద్దకర్మ అయిపోయింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. మెడ బోసిగా కనబడితే మనకి ఒక్కటే అర్థం కదా వదినా. చేపల కోసం పుస్తెలు తీస్తారని ఈ ఊళ్లో ఎవరు ఊహిస్తారు? రెండు వారాలు ఆగి ఉంటే నీ ఉత్తరం వచ్చేది. అది ఇప్పుడు అనుకుంటున్నాను, చేతులు కాలాక.

పంతులుగారి కాళ్ల మీద పడ్డాను. వదిన వస్తుంది, ఆవిడ చేత ఇంకోసారి చేయించండి అన్నాను. ఒకసారి పంపిన మనిషిని మళ్లీ పంపకూడదట, ప్రేతాన్ని వెనక్కి పిలిచినట్టట. కర్మ అయిపోయినవాడు నిజంగా తిరిగొచ్చినా కొత్తగా పుట్టినట్టే లెక్కట, పేరు పెట్టడం నుంచి మొదలుపెట్టాలట, తన పెళ్లాన్నే మళ్లీ పెళ్లాడాలట. అన్నీ చెప్పి, కుదరదు అన్నారు.

అమ్మకి చెప్పలేదు. అమ్మ ఇప్పుడు బాగా తింటోంది, మధ్యాహ్నం పక్కింటికి టీవీ చూడ్డానికి కూడా వెళుతోంది. పోనీ ఆవిడ కోసమే తొందరపడ్డానని చెప్పుకుందామంటే, అలా కూడా లేదు, నాకూ తొందరగా అయిపోవాలనే ఉంది.

నువ్వు రా. వచ్చి నన్ను కొట్టు.
తాతబ్బాయి


డైరీ ఫార్మ్,
21 జనవరి 2017

తాతబ్బాయికి,

నిన్న ఓడ వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

కర్మ చేశానన్న నీ మొదటి ఉత్తరం పెట్టె సర్దుతుండగా వచ్చింది. జవాబు రాయలేకపోయాను. రెండోది వచ్చాక చాందినీ చదివి నాకంటే ముందు ఏడ్చింది, ఫోటో తనే పంపిందని. దాని తప్పేమీ లేదు. నీ తప్పు ఎంతో కూడా నేను తేల్చలేను. నువ్వు మంచి మనసుతోనే చేశావు. అయినా నాకు కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. నేను వద్దంటే పన్నెండేళ్లు ఆగినవాళ్లు, నేను సరే అన్నప్పుడు మాత్రం నా కోసం ఆగలేదు. ఊరందరూ వచ్చారని రాశావు. నేనొక్కదాన్నే లేను.

నా మెడలో ఇంకా ఉంది. ఎవరి ముందు తియ్యను ఇప్పుడు? తీసేశానని అక్కడ అందరూ దణ్ణాలు కూడా పెట్టేశారు. మీ ఊళ్లో ఆయన పోయారు. మా ఇంట్లో ఇంకా పోలేదు. ఎలా పంపాలో నాకు తెలియడం లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. హట్ బే వెళ్లేముందు ఆయన ఇస్త్రీ చేయించుకుని వదిలేసిన తెల్లచొక్కా, పంచె ఇన్నేళ్లూ నా బీరువాలోనే ఉన్నాయి. ఏ రోజుకైనా పనికొస్తాయని ఉంచాను. ఆయన వచ్చిన రోజుకా, పోయిన రోజుకా అని అప్పుడు అనుకోలేదు. ఈసారి అవి తీసుకొద్దామని పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాను. బొమ్మకి బట్టలు కడతారు కదా. ఎవరి బట్టలు కట్టారు?

సుందరి


బారువ,
30 జనవరి 2017

వదినకి,

నావే కట్టాను. అన్నయ్యదీ నాదీ ఒకటే కొలత కదా, చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే చొక్కా ఉండేది. దర్జీ దగ్గరికి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వెళ్లేవాళ్లం. నిప్పు పెట్టేటప్పుడు నా చొక్కా కాలుతుంటే, పోయింది ఎవరో నాకు ఒక క్షణం తెలియలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అందుకే అనుకుంటున్నాను వదినా, ఇక్కడ మేం పంపింది అన్నయ్యని కాదు.

ఆ పెట్టె విప్పకు. ఆ చొక్కా అలాగే ఉంచు. వచ్చే నెల ఓడకి నేనే వస్తున్నాను, బళ్లో సెలవు పెట్టాను. ఓడంటే నాకు ఎంత భయమో నీకు తెలుసు. దర్భలు కొన్ని మిగిలాయి, తెస్తున్నాను. హట్ బే వెళదాం. నువ్వూ, నేనూ, చాందినీ. ఏ రోజంటే ఆ రోజు. అమావాస్యే కావాలని లేదు. బొమ్మ నేను కడతాను. చొక్కా నువ్వు తొడుగు. నీళ్లు ముందు నువ్వు వదులు.

రెండోసారి చెయ్యకూడదన్నారు కాబట్టి పంతులుగారికి చెప్పలేదు. అమ్మకి చెప్పాను. "నువ్వెల్లు, అది ఒక్కత్తే ఉంది" అంది.

తాతబ్బాయి